ఒక సాలు రెండు సాళ్ళయ్యే చోటు: వేరు కొనను బ్లేడుతో కోసిన డైరీ

జూలై నుంచి డిసెంబరు దాకా మా ఇంటి వెనక వరండాలో సాగిన పని లెక్క ఇది. నరసన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. బయటి నుంచి లోపలికి బాహ్యచర్మం, వల్కలం, అంతశ్చర్మం, పరిచక్రం అంటూ పొరల పేర్లతో వేరు అడ్డుకోత బొమ్మను పదిహేనేళ్ళుగా పిల్లల చేత గీయిస్తున్నాను. ఆ గీతలు ఎక్కడ మొదలవుతాయో నా కళ్ళతో చూసింది మాత్రం లేదు. చూద్దామని కూర్చుంటే ఆరు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు తప్పులకే పోయాయి. ఇదే పని మొదలుపెట్టేవాళ్ళకు ఆ నాలుగు నెలలు మిగులుతాయని రాస్తున్నాను.

తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఎదిగిన వేరులో వల్కలం, అంటే చర్మానికీ మధ్య స్తంభానికీ నడుమ ఉండే భాగం, పది, పన్నెండు పొరలు ఉంటుంది. కొన దగ్గర అన్ని ఉండవు. మరి ఆ లెక్క కొన నుంచి ఎంత దూరంలో పూర్తవుతుంది? ఒక పొర రెండయ్యేది ఎక్కడ?

మైక్రోస్కోపు స్కూలుది. 10 రెట్ల కంటి కటకం, కింద 4, 10, 40 రెట్లవి. ఖర్చులో దాన్ని కలపలేదు.

దశ 1: శనగ వేరు, వట్టి చేతి కోత (జూలై)

శనగతో మొదలుపెట్టడానికి కారణం వేరు లావుగా ఉండటం, గింజలు వంటింట్లోనే దొరకడం. మొదటి విడత తడిగుడ్డలో మూటకట్టాను. మూడో రోజుకి బూజు. బూజు పట్టనివేమో గుడ్డలో చుట్టలు తిరిగి పెరిగాయి. వంకర వేరును నిటారుగా కోయడం ఎవరి వల్లా కాదు. రెండో విడత ఇలా:

1. గింజల్ని 8 గంటలు నానబెట్టి, రెండుసార్లు కడగాలి.
2. పాత న్యూస్ పేపరు నాలుగు మడతలు తడిపి, పై అంచుకి అంగుళం కిందగా గింజల్ని వరసగా పేర్చాలి.
3. చాపలా చుట్టి, గ్లాసులో నిలబెట్టి, అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోయాలి. నీళ్ళు రోజూ మార్చాలి.
4. మూడో రోజుకి 3 సెంటీమీటర్ల తిన్నని వేర్లు వస్తాయి. ఐదో రోజు దాటితే పక్కవేర్లు మొదలై కోత చెడుతుంది.

గ్లాసు చాలక గిన్నె కూడా తీసుకుంటే మా అమ్మ చూసి, "ఏటిరా, చద్దన్నం గిన్నెలో ఈ పుల్లలేటి?" అంది. మర్నాటి నుంచి వరండాలో పాత పెరుగు డబ్బాలు.

కోతకు సగానికి విరిచిన బ్లేడు, కేరట్ ముక్క. కేరట్‌ను నిలువుగా చీల్చి మధ్యలో వేరు ఇరికించి, రెండూ కలిపి పల్చగా కోయాలి. కేరట్ గట్టిగా, వేరు మెత్తగా ఉండటంతో బ్లేడు కేరట్‌ను కోసి వేరును నలిపేసింది. వచ్చిన ముక్కలు కూడా ఒక పక్క పల్చన, మరో పక్క మందం. సాఫ్రనిన్ రంగు వేస్తే మందం పక్క మొత్తం ఎర్రటి ముద్ద.

ఈ దశలో అసలు తప్పు కొలతలో జరిగింది. 4 రెట్ల కటకం కింద పారదర్శక స్కేలు పెట్టి చూస్తే కంటికి కనబడే వృత్తం అడ్డంగా 4.5 మిల్లీమీటర్లు. అంటే 10 రెట్లకు 1.8, 40 రెట్లకు 0.45 మిల్లీమీటర్లు. అంతవరకు బాగానే ఉంది. ఫోనుతో ఫొటోలు తీసి, ఫొటో మీద కణాల్ని కొలిచాను. వల్కలం కణం అడ్డంగా 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వచ్చింది. వారం రోజులు అదే నోట్ చేశాను. ఒకరోజు పది వేర్లను పక్కపక్కన పేర్చి స్కేలు పెడితే మొత్తం 12 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో వేరు 1.2. నా ఫొటో లెక్కలో మాత్రం అదే వేరు 2.4. సరిగ్గా రెట్టింపు! స్కేలును మామూలుగా ఫొటో తీసి, కోతల్ని ఫోనులో రెండు రెట్లు జూమ్ చేసి తీశాను. వారం లెక్కలన్నీ కొట్టేసి సగం చేసుకున్నాను. ఇప్పుడు ఏ రోజు పని చేసినా మొదటి ఫొటో స్కేలుదే, జూమ్ ముట్టుకోను.

ఈ దశ ఖర్చు: బ్లేడ్లు 40, సాఫ్రనిన్ 130, స్లైడులు 110, కవర్ స్లిప్పులు 70, గ్లిజరిన్ 60. మొత్తం ₹410.
కోతలు: 60. పనికొచ్చినవి: 4.

దశ 2: నట్టు, బోల్టు, బెండు (ఆగస్టు)

కేరట్ బదులు ఏం వాడాలా అని చూస్తుంటే భాషికాలు గుర్తొచ్చాయి. పెళ్ళికి నుదుట కట్టేవాటిని చేసే తెల్లటి జీలుగు బెండు తేలిక, మెత్తన, బ్లేడుకి వెన్నలా తెగుతుంది. పైగా తడిస్తే కాస్త ఉబ్బి లోపలి వేరును పట్టుకుంటుంది. పెళ్ళి సామాన్ల కొట్టులో అడిగితే, "ఎవరికి మాస్టారూ పెళ్ళి?" అన్నాడు. శనగ వేరుకని చెప్తే నమ్మడు కాబట్టి మేనల్లుడికని చెప్పాను. ఆ మేనల్లుడు ఏడో తరగతి.

మందం సమానంగా రావాలంటే చేతి మీద ఆధారపడకూడదు. 12 మిల్లీమీటర్ల బోల్టు, దానికి రెండు నట్లు కొన్నాను. బోల్టు మరల్ని పది లెక్కపెట్టి కొలిస్తే 17.5 మిల్లీమీటర్లు. అంటే ఒక చుట్టు తిప్పితే బోల్టు 1.75 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. బోల్టు తలకు అట్టముక్క గుండ్రంగా అతికించి, కోణమానినితో 10 డిగ్రీలకొక గీత గీశాను. 36 గీతలు. 1.75ని 36తో భాగిస్తే ఒక గీతకు దాదాపు 49 మైక్రాన్లు. శనగ కణం 35 మైక్రాన్లు కాబట్టి ఒక గీత కోతలో ఒకదాని మీద ఒకటి కణాలు పడతాయి, సగం గీత 24 మైక్రాన్లు అయితే నయం.

తయారీ:

1. రెండు నట్లను ఒకదాని మీద ఒకటి పెట్టి వెల్డింగ్ షాపులో అతికించాలి. మరలు కలవాలి, అందుకు బోల్టు లోపల ఉంచే అతికించాలి.
2. పై నట్టు మీద రంధ్రానికి అటూ ఇటూ స్లైడు గాజు ముక్కలు రెండు అతికించాలి. బ్లేడు జారేది వీటి మీదే.
3. కింది నుంచి బోల్టు, పై నుంచి వేరు పెట్టిన బెండు.
4. సగం గీత తిప్పడం, తడి బ్లేడు జార్చడం, బ్లేడు మీది ముక్కను కుంచెతో నీళ్ళలోకి దించడం.

మొదటి రోజు ఒక్క ముక్క కూడా సరిగా రాలేదు. అన్నీ పిండిన బట్టలా మెలికలు తిరిగి ఉన్నాయి. బోల్టు తిరుగుతూ పైకి లేస్తుంటే దాని కొన బెండును కూడా తిప్పుతోంది, లోపలి వేరు మెలిపడుతోంది. మూడు రోజులు బ్లేడును తిట్టుకున్నాను. మందు: మంచినీళ్ళ సీసా ప్లాస్టిక్కుతో చిన్న బిళ్ళ కత్తిరించి, కింద చుక్క కొబ్బరినూనె రాసి, బోల్టుకీ బెండుకీ మధ్య పెట్టాను. బోల్టు తిరుగుతుంది, బిళ్ళ జారుతుంది, బెండు తిన్నగా లేస్తుంది.

కొవ్వొత్తి మైనం కరిగించి అందులో వేరు పెట్టే ప్రయత్నం కూడా చేశాను, చేయకండి. వేరు తడి, మైనానికి అంటదు. కోసిన ప్రతి ముక్కలోనూ వేరు రాలిపోయి మధ్యలో చిల్లు మిగిలింది. గారెల్లా ఉన్నాయి.

బ్లేడు గురించి ఒక మాట. ఒక అంచు మీద ఎనిమిది కోతలకు మించి ఆశపడొద్దు. తొమ్మిదో కోత నుంచి అంతశ్చర్మం దగ్గర చిరుగుతుంది. పది రూపాయలు మిగిల్చుకుందామని పది వేర్లు పాడుచేసుకున్నాను.

ఇప్పుడు అడ్డుకోతలు వచ్చాయి. కొన నుంచి 20 మిల్లీమీటర్ల దగ్గర శనగ వేరులో వల్కలం 11 నుంచి 13 పొరలు, మధ్యలో ఎర్రగా, నీళ్ళు మోసే దారువు నాలుగు చేతులతో. ఇక కొనను నిలువుగా కోస్తే సాళ్ళు, అంటే నిలువునా సాగే కణాల వరసలు, ఎక్కడ మొదలవుతాయో తెలుస్తుందని సంబరపడ్డాను.

ఈ దశ ఖర్చు: బెండు 50, బోల్టు నట్లు వెల్డింగ్‌తో 65, అట్ట, కోణమానిని 10. ఇప్పటికి ₹535.
కోతలు: 140, పనికొచ్చినవి 31. ఇప్పటికి 200కి 35.

దశ 3: నిలువు కోత, శనగ చేసిన మోసం (సెప్టెంబరు)

నిలువు కోత తేలికేమీ కాదు. వేరు సరిగ్గా మధ్య నుంచి తెగితేనే కొనలో సాళ్ళు కలిసే చోటు కనబడుతుంది. పక్కకు తెగితే సాళ్ళు పట్టాల్లా సాగిపోతాయి, ఎక్కడా కలవవు. అది చూసి "శనగలో సాళ్ళు కలవవు" అని రాసుకున్నవాణ్ణి నేను.

లెక్క వేస్తే విషయం తెలిసింది. నేను కోస్తున్న ముక్క 10 మిల్లీమీటర్ల పొడవు. బ్లేడు 3 డిగ్రీలు వాలినా ఆ చివరికి వెళ్ళేసరికి అర మిల్లీమీటరు పక్కకు పోతుంది. వేరు సగం వెడల్పే 0.6. అంటే పైన మధ్యలో ఉన్న కోత, కొన దగ్గర చర్మంలో ఉంటుంది. కొనను 3 మిల్లీమీటర్లకే తుంచి పెడితే అదే వాలుకి తప్పు 0.16 మిల్లీమీటర్లే. అంతే, ముక్క చిన్నది చేయడమే చికిత్స.

అయినా శనగ కొన అర్థం కాలేదు. మధ్యలో తెగిందని నమ్మకం ఉన్న కోతలు నాలుగు వచ్చాయి. పైన సాళ్ళు చక్కగా ఉన్నాయి, కిందికి వచ్చేసరికి అన్నీ ఒక గుంపులో కలిసిపోయాయి. వేరు తొడుగు (కొనను కప్పే టోపీ) ఎక్కడ ముగిసి, వేరు ఎక్కడ మొదలైందో గీత లేదు. రంగు మార్చాను, సమయం మార్చాను, బ్లేడు కంపెనీ మార్చాను. పదహారు రోజులు పోయాయి.

తప్పు చేతిలో లేదు. చిక్కుడు, బఠాణీ, శనగల కుటుంబంలో వేరు కొన అలాగే ఉంటుంది. తొడుగుకీ, వల్కలానికీ, మధ్య స్తంభానికీ వేర్వేరు మూలకణాల (కొత్త కణాల్ని పుట్టించే కణాల) అంతస్తులు ఉండవు, అందరికీ ఉమ్మడి వాకిలి. 1868లో హాన్‌స్టైన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు చర్మానికో గుంపు, వల్కలానికో గుంపు, మధ్య స్తంభానికో గుంపు అని మూడు వాటాలు వేశాడు. అన్ని మొక్కలూ ఆ వాటాలకు ఒప్పుకోలేదు. గడ్డిజాతిలో మాత్రం గుంపుల మధ్య గీతలు స్పష్టంగా కనబడతాయి: మొక్కజొన్న, వరి. అంటే మనం పాఠంలో గీసే శుభ్రమైన కొన కావాలంటే మొక్కజొన్న దగ్గరికే పోవాలి. రబీలో మా చుట్టుపక్కల ఎటు చూసినా అదే పంట, నేను మాత్రం శనగ పట్టుకు కూర్చున్నాను.

మధ్యలో ఒక పక్కదారి. పరిశోధకులు వేరు పొరల మీద ఎక్కువగా పనిచేసింది ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద. దాని లేత వేరులో అన్నీ ఒక్కొక్క పొరే. చర్మం ఒకటి, వల్కలం ఒకటి, అంతశ్చర్మం ఒకటి. ఆ వల్కలం వలయంలో ఎనిమిది కణాలే. చుట్టరికం ఉంది కదా అని పోపుల డబ్బాలోంచి ఆవాలు తీసి మొలకెత్తించాను. వేరు దారమంత. బెండులో పెడితే ఎక్కడుందో నాకే కనబడలేదు. కోయకుండా గ్లిజరిన్ నీళ్ళలో పెట్టి, ఫోకస్ మెల్లగా దించుతూ చూస్తే బయటి రెండు మూడు పొరలు సాళ్ళుగా కనిపించాయి. దానితో సరిపెట్టుకున్నాను.

దశ 4: మొక్కజొన్న (అక్టోబరు)

విత్తనాల కొట్టు హైబ్రిడ్ గింజ వద్దు. గులాబీ రంగు మందు పూసి ఉంటుంది. చేతికి మంచిది కాదు, పైగా ఆ రంగు చూసి నేను సాఫ్రనిన్ ఎక్కిందనుకున్నాను. కోళ్ళ దాణా కొట్టులో కిలో కొన్నాను, పదికి ఏడు మొలిచాయి.

కొత్త సమస్య: తొడుగు ఊడిపోతోంది. బ్లేడు తగలగానే వేరు చివర ఉన్న జిగురు టోపీ గుల్లలా జారి నీళ్ళలో పడిపోయేది. పాతిక కోతల్లో పంతొమ్మిది టోపీ లేనివే. విసుగొచ్చి ఊడిన టోపీలన్నిటినీ ఒక స్లైడు మీద చేర్చి చూశాను. అన్నీ ఒకే ఆకారం, ఒకే అంచు. ఎక్కడపడితే అక్కడ చిరగలేదు, ఒకే గీత వెంట విడిపోయాయి. నెలరోజులు శనగలో నేను వెతికిన గీత అదే! శనగలో ఏనాడూ టోపీ ఊడలేదు, ఎందుకంటే ఊడటానికి అక్కడ అంచే లేదు. చెత్తలో వేయబోయిన ముక్కలే జవాబు చెప్పాయి.

అది చూశాక పది మొలకలకు టోపీని గోటితో మెల్లగా తీసేసి, మరో పదింటికి తీయకుండా, తడి పేపరు మీద అడ్డంగా పడుకోబెట్టాను. సాయంత్రానికి టోపీ ఉన్నవి నేల వైపు వంగాయి. లేనివి తొమ్మిది అడ్డంగానే సాగిపోయాయి, పదోది విరిగింది. కింద ఏది, పైన ఏది అని చెప్పే పిండి రేణువులు టోపీలోనే ఉంటాయి. కొద్ది రోజుల్లో టోపీ మళ్ళీ పుట్టింది, వేర్లు మళ్ళీ వంగాయి. టోపీకి సరిగ్గా వెనక, అంతవరకూ దాదాపు నిద్రలో ఉన్నట్టు మెల్లగా విభజన చెందే కణాల గుంపు ఒకటి ఉంటుంది. టోపీ పోతే అవి లేచి కొత్తది తయారుచేస్తాయి. అరబిడాప్సిస్‌లో ఆ గుంపు సుమారు నాలుగు కణాలు, మొక్కజొన్నలో వందల్లో.

టోపీ ఊడకుండా కోయడానికి చివరికి పనిచేసిన పద్ధతి:

1. కొన 3 మిల్లీమీటర్లు తుంచి, ముందు అరగంట చల్లటి నీళ్ళలో ఉంచాలి.
2. టోపీ బెండు లోపలికి ఉండేలా పక్కకి పడుకోబెట్టాలి. టోపీ చుట్టూ ఖాళీ ఉండకూడదు.
3. బ్లేడును టోపీ వైపు నుంచి కాక వేరు పై భాగం వైపు నుంచి జార్చాలి.
4. సగం గీత చొప్పున. పల్చటి పొడవాటి గొట్టాల సాలు మధ్యలో తిన్నగా దిగితే ఆ కోత మధ్యలో తెగినట్టు.

నెలాఖరున వాయుగుండం. రెండు రోజులు కరెంటు లేదు. మైక్రోస్కోపు లైటు బదులు ఫోను టార్చి కింద తెల్ల కాగితం పెట్టి చూశాను. చిత్రమేమిటంటే అన్నిటికన్నా మంచి కోత ఆ రోజే వచ్చింది.

ఆ కోతను వివరంగా చెప్తాను. కింద టోపీ, దాని పైన సన్నని స్పష్టమైన గీత. గీత మీద చిన్న గిన్నె బోర్లించినట్టు చిక్కటి కణాలు. అక్కడి నుంచి సాళ్ళు పైకి, పక్కలకు విప్పారుతున్నాయి. ఎడమ పక్క, మధ్య స్తంభాన్ని ఆనుకున్న సాలును వేలితో పట్టుకున్నట్టు కంటితో పట్టుకుని పైకి పోయాను. ఆరో కణం దగ్గర అడ్డంగా ఉన్న గోడ కాక, నిలువుగా ఒక గోడ. అక్కడి నుంచి ఒక సాలు రెండు సాళ్ళు. లోపలిది స్తంభాన్ని అంటిపెట్టుకుని పోయింది, బయటిది వల్కలంలో చేరింది. కాస్త పైన లోపలిదే మళ్ళీ చీలింది. ఇంకాస్త పైన మళ్ళీ. ఎడమ పక్క మూడు చీలికలు, కుడి పక్క రెండు లెక్క తేలాయి. గోడ అడ్డంగా వస్తే సాలు పొడుగవుతుంది, నిలువుగా వస్తే సాలు రెండవుతుంది. మొత్తం పొరల వ్యవహారం ఈ రెండు గోడల మధ్య తేడానే. 1917లో షూయెప్ అనే ఆయన వేరు కొనలో ఈ గోడలు టీ అక్షరంలా కనబడటం చూసి, ఆ టీ తల ఎటు ఉందన్నదాన్ని బట్టి వేరును టోపీ, దేహం అని రెండుగా విడదీశాడు.

తరవాత అదే విడత మొలకల్లో అడ్డుకోతలు, దూరాల వారీగా వల్కలం పొరలు:

1 మిల్లీమీటరు దగ్గర: 9
3 మిల్లీమీటర్లు: 10
5 మిల్లీమీటర్లు: 10
10 మిల్లీమీటర్లు: 10
20 మిల్లీమీటర్లు: 10

ఒక్కో దూరానికి మూడేసి వేర్లు. తేడా వచ్చిన చోట రెండు వేర్లలో వచ్చిన అంకె రాశాను. 3 మిల్లీమీటర్లు దాటాక వేరు ఎంత ఎదిగినా పొరలు పెరగలేదు, కణాలే పెద్దవయ్యాయి. కొన దగ్గర 20 మైక్రాన్ల పొడవున్న కణం, 20 మిల్లీమీటర్ల దగ్గర 150 దాటింది. నా ప్రశ్నకు జవాబు: మొదటి మూడు మిల్లీమీటర్లలోపే పంపకాలు అయిపోతాయి, మిగతాదంతా సాగడమే.

మరి ఎవరు ఎటు చీలాలో ఎలా తెలుస్తుంది? ఈ కోతల్ని తొమ్మిదో తరగతిలో చూపిస్తే ఒక అమ్మాయి అడిగింది: "ఆ కణం పుట్టుకతోనే వల్కలం కణమా సార్, లేకపోతే అక్కడ ఉండబట్టి అయిందా?" ఇంతకన్నా మంచి ప్రశ్న ఉండదు. 1995లో నెదర్లాండ్స్‌లో దీన్నే పరీక్షించారు. అరబిడాప్సిస్ వేరులో కొన్ని కణాల్ని లేజరుతో చంపారు. పక్క పొర కణాలు ఆ ఖాళీలోకి జరిగాయి, జరిగి తమ పాత పని మానేసి ఆ చోటు పని చేశాయి. ఇంటిపేరు కాదు, వీధి పేరు లెక్క.

ఆ చోటు సమాచారం ఎలా వస్తుందో 2001లో ఒక ఉదాహరణ తేలింది. షార్ట్‌రూట్ అనే ప్రోటీన్ మధ్య స్తంభంలో తయారై, ఒక్క కణం మేర బయటికి నడుస్తుంది. అక్కడ స్కేర్‌క్రో అనే మరో ప్రోటీన్ దాన్ని పట్టి ఆపుతుంది, ఇంకా బయటికి పోనివ్వదు (ఈ సంగతి 2007లో తేలింది). రెండూ కలిసిన చోట కణం నిలువు గోడ కట్టుకుని లోపల అంతశ్చర్మం, బయట వల్కలం అవుతుంది. స్కేర్‌క్రో లేని మొక్కలో ఆ చీలిక జరగదు, రెండు పొరల చోట ఒక్కటే మిగులుతుంది. స్కేర్‌క్రో అంటే దిష్టిబొమ్మ అని చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "దిష్టిబొమ్మ పెట్టకపోతే ఒక సాలు పోయినట్టే కదండీ మాస్టారూ" అన్నాడు. నేను ఆ వాక్యాన్ని నోట్సులో రాసుకున్నాను. అరబిడాప్సిస్‌లో ఒకసారి జరిగే చీలిక మొక్కజొన్నలో పదే పదే జరుగుతుంది, అంతే తేడా అనుకుంటే నా కోతలోని మూడు చీలికలు అర్థమవుతాయి.

ఈ దశ ఖర్చు: మొక్కజొన్న 20, బ్లేడ్లు 80. ఇప్పటికి ₹635.
దశ 3, 4 కలిపి కోతలు 180, పనికొచ్చినవి 24, అందులో సరిగ్గా మధ్యలో తెగినవి 9. ఇప్పటికి 380కి 59.

దశ 5: కొమ్మ కొన, కాలువ నాచుతో (నవంబరు)

వేరుకు టోపీ ఉంది, కొమ్మ కొనకు లేదు. కానీ చుట్టూ లేత ఆకులు గుప్పెట మూసినట్టు మూసి ఉంటాయి. మొదట ఉమ్మెత్త కొమ్మ తెచ్చాను, దానికో కారణం ఉంది, కింద చెప్తాను. ఆకులు తీసేసరికి కొన కూడా పోయింది. ఉమ్మెత్త విషం, పిల్లల చేత చేయించొద్దు, మీరు చేసినా చేతులు కడుక్కోండి.

వంశధార కాలువలో హైడ్రిల్లా అనే నీటి మొక్క కావలసినంత. దీని కొన పొడుగ్గా, బొటనవేలిలా పైకి పొడుచుకుని ఉంటుంది. ఇన్సులిన్ సూదులు రెండు పట్టుకుని, భూతద్దం కింద ఆకుల్ని ఒక్కొక్కటే కిందికి లాగేస్తే కోత అవసరమే లేదు. 22 కొనల్లో 5 దక్కాయి. దక్కనివాటిలో ఎనిమిది నా తొందర వల్ల పోయాయి. నేరుగా గాఢ గ్లిజరిన్‌లో వేస్తే కణాలు నీళ్ళు కక్కుకుని ఎండు ద్రాక్షలా ముడుచుకున్నాయి. తొమ్మిది వంతుల నీళ్ళలో ఒక వంతు గ్లిజరిన్ కలిపి, మూత వేయకుండా రాత్రంతా వదిలేస్తే నీళ్ళు వాటంతటవే ఎగిరిపోయి నెమ్మదిగా చిక్కబడుతుంది. కొన చెక్కుచెదరదు.

ఫోకస్ దించుతూ చూస్తే బయట ఒకే వరస, ఇటుకలు నిలబెట్టినట్టు. ఆ వరసలో గోడలన్నీ ఉపరితలానికి నిటారుగానే ఉన్నాయి, పొరను రెండుగా చీల్చే గోడ ఒక్కటీ దొరకలేదు. అందుకే చర్మం ఎంత పరుచుకున్నా ఒక్క పొరగానే ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ గోడలు ఎటుపడితే అటు. 1924లో ష్మిట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బయటి వరసల్ని చొక్కా అన్నట్టుగా, లోపలి గుంపును ఒళ్ళు అన్నట్టుగా వేరు చేసి పేరు పెట్టింది ఈ తేడాకే.

ఇక ఉమ్మెత్త సంగతి. 1940లో అమెరికాలో సటీనా, బ్లేక్‌స్లీ, ఎవరీ అనే ముగ్గురు ఉమ్మెత్త మీద కాల్చిసిన్ అనే, కణంలో క్రోమోజోముల్ని రెట్టింపు చేసే రసాయనాన్ని ప్రయోగించి, కొమ్మ కొనలో ఒక్కో పొర కణాలకు క్రోమోజోముల సంఖ్య వేరుగా ఉండేలా చేశారు. క్రోమోజోములు ఎక్కువైతే కేంద్రకం పెద్దదవుతుంది, దాన్ని బట్టి ఆ పొర బిడ్డ అని ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. రంగు దారం కలిపి నేసినట్టు. అలా మూడు పొరలు తేలాయి. బయటిదాని నుంచి చర్మం, రెండోదాని నుంచి పుప్పొడి, అండాలు, మూడోదాని నుంచి లోపలి భాగాలు ఎక్కువగా వస్తాయి. కాల్చిసిన్ ఇంట్లో వాడే సరుకు కాదు, దాని జోలికి పోలేదు. రంగు దారం ఉన్న మొక్క ఒకటి అప్పటికే మా వరండాలో ఉంది.

ఈ దశ ఖర్చు: సూదులు 24. మొత్తం ₹659. 402కి 64.

దశ 6: స్నేక్ ప్లాంట్ ముక్కలు (జూలైలో నాటి, డిసెంబరులో తీసినవి)

పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకును 8 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి పది నాటాను. సగం ఇసుక, సగం కొబ్బరి పీచు పొడి. కొబ్బరికి ఉద్దానం పక్కనే కదా, పీచు పొడి ఊరికే వచ్చింది. జూలై వానలు చాలక నేను కూడా నీళ్ళు పోసి నాలుగు కుళ్ళబెట్టాను. రెండు ముక్కల్ని తలకిందులుగా నాటాను, అవి ఐదు నెలలైనా వేరు వేయలేదు. కోయగానే కింది వైపు కొన వాలుగా కోసి గుర్తు పెట్టుకోండి, నాలా ఊహించకండి.

మిగిలింది నాలుగు. అన్నీ వేర్లు వేశాయి, మూడు నవంబరులో పిలకలు వేశాయి. మూడూ మామూలు పచ్చవే. పసుపు అంచు ఉన్న ముక్కకే పుట్టాయి, అంచు మాత్రం రాలేదు. అదే కుండీలో దుంప నుంచి చీల్చి పక్కన నాటిన మొక్క మాత్రం పసుపు అంచుతోనే ఉంది.

కారణం పైన చెప్పిన పొరలే. ఈ మొక్కలో ఒక పొర కణాలకు పచ్చదనం తయారుచేయడం రాదు, ఆ పొర సంతతి ఆకు అంచులో కనబడుతుంది. దుంప మీది మొగ్గలో అన్ని పొరలూ వాటి వాటి చోట్లలోనే ఉంటాయి కాబట్టి అంచు వస్తుంది. ఆకు ముక్క మీద కొత్త మొగ్గ లోపలి పచ్చ కణాల నుంచి పుడుతుంది, పసుపు పొరకు ఆ ఇంట్లో వాటా లేదు.

పచ్చ పిలకలు రెండు స్కూల్లో కిటికీ దగ్గర పెట్టాను. మూడోది మా అమ్మ తులసికోట పక్కన పాతింది, అన్నిటికన్నా అదే బాగా ఎదుగుతోంది. పసుపు అంచుది కావాలని ఎవరైనా అడిగితే ఆకు తుంచి ఇవ్వడం మానేశాను. దుంప చీల్చే ఇస్తున్నాను.